హోండా ఎన్.ఎస్.ఎక్స్. – ఒక జపాను కారు పందెముల చరిత్ర

గత మాసమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తెలుగు వాచకములో ఒక కారు బొమ్మను దాచుకొని, పాఠము జరుగుచుండగా దానినే చూచుకొనుచుండెను. మేము దానిని తీసికొని చూచితిమి. నేలకు అంటుకొన్నట్లున్న ఎఱ్ఱని కారు. దాని క్రింద జపాను లిపిలో రెండు పంక్తులు. ఆ సాయంకాలము బాలుని తండ్రి మమ్ములను చూడవచ్చెను. ఆయన చిత్తూరు జిల్లానుండి వచ్చి ఇచ్చట స్థిరపడినవాడు, జె.సి. రోడ్డు ప్రాంతమున మోటారు మరమ్మతు పని చేయును. "వీడికెప్పుడూ బండ్ల పిచ్చే సార్. ఆ సంగతులేమో తెలుగులో ఉండవు, తెలుగు పాఠమేమో వీడి తలకెక్కదు. ఏం చేసేది?" అని ఆయన అడిగెను.

ఈ ప్రశ్న ఆ ఒక్క తండ్రిది కాదు. కన్నడసీమలో నివసించుచు, ఇంట తెలుగు, వీధిలో కన్నడము, కొలువులో ఇంగ్లీషు మాటలాడుకొను తల్లిదండ్రులలో పెక్కుమంది ఈ మాటను మాతో ఏదో యొక రూపమున అనినవారే. దానికి ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఆంధ్రదేశమున శిక్షణ పొంది, తెలుగు చెప్పుటయే వృత్తిగా గల మాకు కార్ల విషయము తెలియదు. అందుచేత ఆ బొమ్మలోని కారు చరిత్రను వెదకి చదివితిమి. చదివినది బోధపడని చోట ఆ తండ్రి పనిచేయు కొట్టునకే పోయి, పాత ఇంజను భాగములను చేతబట్టి చూచి తెలిసికొంటిమి. అట్లు తెలిసికొన్న దానిని విద్యార్థులకును, వారి పెద్దలకును ఇచ్చట విన్నవించుచున్నాము.

కమ్మరి కొడుకు

బెంగుళూరునుండి పాత మద్రాసు రోడ్డు వెంట కోలారు పోవు దారిలో నరసాపుర అను ఊరు కలదు. 2013 నుండి అచ్చట హోండా వారి మోటారు సైకిళ్ల, స్కూటర్ల కర్మాగారము నడచుచున్నది. మన పిల్లలలో అనేకులు ఈ పేరును ఇంటి ముందరి స్కూటరు మీదనే చదివియుందురు. అది ఒక మనుష్యుని పేరు. సోయిచిరో హోండా 1906 లో జపానులోని హమమత్సు సమీపమున ఒక కమ్మరి ఇంట పుట్టెను. పదునైదేండ్ల ప్రాయమున టోకియో నగరమునకు పోయి, ఒక మోటారు మరమ్మతు కొట్టులో చేరెను. తొలుత ఆయనకు అప్పగించిన పని యజమాని బిడ్డను ఆడించుట! పనిముట్టు చేతికి వచ్చువరకు ఓర్చి, అచ్చటనే పని నేర్చెను. 1948 లో తన పేరనే సంస్థను స్థాపించెను.

పందెమును హోండా ఒక పరీక్షగా ఎంచెను. తయారుచేసిన బండిలోని లోపము బజారులో బయటపడుటకు ముందే పందెములో బయటపడవలెనని ఆయన కోరిక. 1959 లో ఆయన మోటారు సైకిళ్లు విదేశపు పందెములలో దిగెను. 1961 లో పశ్చిమ జర్మనీలో జరిగిన ప్రపంచ పోటీ పందెమున హోండా బండిపై కునిమిత్సు తకహాషి అను ఇరువదియొక్క ఏండ్ల యువకుడు గెలిచెను. అట్టి పందెమును గెలిచిన తొలి జపాను దేశస్థుడు అతడే. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మన కథలో ఇతడు మరల వచ్చును.

1962 లో హోండా వారు సుజుకా అనుచోట పందెపుబాటను నిర్మించిరి. 1964 లో ఫార్ములా వన్ పోటీలలో అడుగిడిరి. ఒక్కడే కూర్చుండుటకు వీలైన, చక్రములు పైకి కనబడు పందెపుబండ్లతో జరుగు పోటీలలో ఫార్ములా వన్ అన్నిటికంటె పెద్దది. 1965 లో మెక్సికోలో తొలి విజయము లభించెను. నడుమ కొన్ని ఏండ్లు విరమించి, 1983 లో ఇంజనులు ఇచ్చువారుగా తిరిగి వచ్చిరి. 1988 లో జరిగిన 16 పందెములలో 15 పందెములను హోండా ఇంజను గల మెక్లారెన్ కార్లే గెలిచెను. ఆ కీర్తి ఉచ్చస్థితిలో నుండగా పుట్టినదే ఎన్.ఎస్.ఎక్స్.

లోహము, దాని లోపము

ఆ దినములలో మిక్కిలి వేగముగల కార్లు ధనవంతుల వేడుకలు. వాటిలో కూర్చున్నవానికి వెనుక దారి సరిగా కనబడదు, లోపల వేడి, మాటిమాటికి మరమ్మతు. వేగమున వాటికి తీసిపోక, నిత్యము ఇంటినుండి పనికి నడుపుకొనదగిన కారును చేయవలెనని హోండా వారు సంకల్పించిరి. ఆ పనికి షిగెరు ఉఎహారా అను ఇంజనీరు నాయకుడయ్యెను. 1989 ఫిబ్రవరిలో అమెరికాలోని షికాగో ప్రదర్శనమున మాదిరికారును చూపిరి; 1990 లో అమ్మకము మొదలయ్యెను.

దేహమంతయు అల్యూమినియముతో చేసి, కర్మాగారమున వరుసగా తయారుచేసిన కార్లలో ఇదియే మొదటిది. అల్యూమినియము మన ఊరికి క్రొత్త కాదు. 1940 లో బెంగుళూరున హిందూస్థాన్ విమాన కర్మాగారము వెలసినది మొదలు ఈ లోహమును మలచు పని ఇచ్చటి కార్మికులు ఎరిగినదే. విమానములకు అల్యూమినియము నేల? ఒకే పరిమాణము గల ఉక్కు ముక్కను, అల్యూమినియపు ముక్కను తూచినచో రెండవది మొదటి దానిలో మూడవవంతు మాత్రమే తూగును. ఎన్.ఎస్.ఎక్స్. దేహమునకు ఉక్కు బదులు అల్యూమినియమును వాడుటచేత సుమారు 140 కిలోగ్రాముల బరువు తగ్గెను. తేలికబండి త్వరగా వేగమందుకొనును, త్వరగా ఆగును, మలుపున సులభముగా తిరుగును.

కాని ప్రకృతి దేనిని ఉచితముగా ఇయ్యదు. అల్యూమినియము బరువున ఉక్కులో మూడవవంతయినట్లే, వంగకుండ నిలుచు గుణమునందును మూడవవంతే. ఈ లోపము 1989 లోనే బయటపడెను. 1988 లో ఫార్ములా వన్ ప్రపంచ విజేతయైన బ్రెజిల్ దేశస్థుడు అయర్టన్ సెన్నా సుజుకా బాటపై మాదిరికారును నడిపి, దాని దేహము దుర్బలముగా తోచుచున్నదని చెప్పెను. కారు అప్పటికే లోకమునకు చూపబడియుండెను. అయినను ఇంజనీర్లు ఆ మాటను త్రోసివేయలేదు. జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్ అను, కొండల నడుమ సుమారు 21 కిలోమీటర్లు మెలికలు తిరుగు బాటకు కారును తీసికొనిపోయి, నెలల తరబడి నడిపి, ఎచ్చట వంగుచున్నదో కనుగొని, అచ్చట బలము చేకూర్చిరి. పూర్తియగునప్పటికి దేహపు దృఢత్వము మునుపటికంటె సగము హెచ్చెనని చెప్పుదురు.

లోహమును దండిగా చేర్చక దృఢత్వమును ఎట్లు పెంచవచ్చును? విద్యార్థులు ఒక కాగితమును తీసికొని, ఒక అంచున పట్టుకొని చూడవలెను, అది వ్రేలాడును. అదే కాగితమును గొట్టముగా చుట్టినచో నిటారుగా నిలుచును. కాగితము పెరుగలేదు, ఆకారము మారినది. వెదురు బోలుగా ఉండియు గాలికి విరుగకుండుటకు ఇదియే కారణము. కారు దేహమునందును ఇట్టి బోలు దూలములే అల్యూమినియపు బలహీనతను తీర్చును.

ఇంజను రహస్యము

ఈ కారున ఇంజను ముందు భాగమున లేదు. నడుపువాని వీపు వెనుక, వెనుక చక్రములకు ముందు ఉండును. దీని ప్రయోజనము కావడి మోయువానిని చూచినచో తెలియును. బరువులు కావడిబద్ద చివరల నున్నప్పుడు అతడు చటుక్కున తిరుగలేడు. అవే బరువులను ఒంటికి దగ్గరగా పట్టుకొన్నచో సులభముగా తిరుగును. కారులో అన్నిటికంటె బరువైన వస్తువు ఇంజను. అది నడుమకు దగ్గరగా నున్న కారు మలుపున చురుకుగా తిరుగును.

3 లీటర్ల, 6 సిలిండర్ల ఆ ఇంజను నిమిషమునకు 8,000 చుట్లు తిరుగగలదు. అనగా సెకనుకు 133 చుట్లు. చుట్టునకొకసారి పిస్టను పైకి పోయి క్రిందికి రావలెను. పిస్టనును లాగి త్రోయు రాడ్డు బరువైనచో అంత వేగమున తన బరువునకు తానే తెగును. అందుచేత హోండా వారు ఆ రాడ్లను టైటానియముతో చేసిరి. అది ఉక్కు బరువులో సగమునకు కొంచెము మించి తూగును, బలమున తీసిపోదు.

ఇంజను ఊపిరి సంగతి మరియొకటి. మెల్లగా నడచునప్పుడు మనము కొంచెము గాలి పీల్తుము. పరుగెత్తునప్పుడు నోరు తెరచి పీల్తుము. ఇంజనునకు వాల్వులే నోరు. సామాన్యపు ఇంజనులో వాల్వు ఎల్లవేళల ఒకే విధముగా తెరచుకొనును. ఈ ఇంజనులో తక్కువ చుట్లలో తక్కువగాను, ఎక్కువ చుట్లలో ఎక్కువ ఎత్తున, ఎక్కువసేపును తెరచుకొను ఏర్పాటు కలదు. అందుచేత ఊరిలో మెత్తగాను, పందెపుబాటపై ఉగ్రముగాను అదే ఇంజను నడచును.

ఇరువదినాలుగు గంటల పరీక్ష

ఫ్రాన్సు దేశములోని ల మాన్ పట్టణమున 1923 నుండి జరుగుచున్న పందెమున గెలుపునకు వేగమొక్కటే చాలదు. ఒక దినము మధ్యాహ్నము మొదలై మరునాటి మధ్యాహ్నము వరకు, 24 గంటలు కారు నడువవలెను. నడుపువారు మారుదురు, కారు మారదు.

1994 జూనులో ఒక జర్మను జట్టు మూడు ఎన్.ఎస్.ఎక్స్. కార్లను అచ్చట దింపెను. అప్పటికి నెలన్నర క్రిందటనే, మే 1 న, ఈ కారు లోపమును ఎత్తిచూపిన సెన్నా ఇటలీలో జరిగిన పందెమున ప్రమాదమునకు గురియై మరణించియుండెను. పందెముల లోకము ఆ దుఃఖమునుండి ఇంకను తేరుకొనలేదు. ఆ మూడు కార్లును గెలువలేదు. 14, 16, 18 స్థానములలో నిలిచెను. అయినను మూడును చివరివరకు నడచెను. నాలుగేండ్ల క్రిందట బజారునకు వచ్చిన కారు సంతతికి అది చిన్న సంగతి కాదు.

మరుసటి సంవత్సరము, 1995 జూను 17, 18 తేదులలో, హోండా వారి రెండు కార్లు పెద్ద తరగతిలో దిగెను. ఆ రెంటిలో దేనికిని ఫలితముల వరుసలో స్థానము దక్కలేదు. వాటితోపాటు, సామాన్యపు కారునకు దగ్గరగా నుండు జీ.టీ.2 అను చిన్న తరగతిలో 84 వ సంఖ్య గల ఎన్.ఎస్.ఎక్స్. ఒకటి దిగెను. దానిని నడపినవారు ముగ్గురు జపాను దేశస్థులు: కైయిచి త్సుచియా, అకిరా ఇయిడా, వారితో కునిమిత్సు తకహాషి. 1961 లో మోటారు సైకిలుపై గెలిచిన ఆ యువకునికి ఇప్పుడు 55 ఏండ్లు. నడుమ 1962 లో మాన్ ద్వీపమున బండిపైనుండి పడి తీవ్రముగా గాయపడి, పిమ్మట మోటారు సైకిళ్లను వదలి కార్లలో ప్రవేశించి, 1992 లో తన పేరనే ఒక జట్టును ఏర్పరచుకొన్నవాడు అతడు.

ఆ పందెమున చాలభాగము వాన కురిసెను. తడిసిన బాటపై, రాత్రి చీకటిలో, ఆ ముగ్గురును వంతులవారీగా నడపి 275 చుట్లు పూర్తిచేసిరి. ఒక చుట్టు సుమారు 13.6 కిలోమీటర్లు. మొత్తము 3,700 కిలోమీటర్లకు పైమాట. బెంగుళూరునుండి ఢిల్లీ పోయి, మరలి హైదరాబాదు చేరునంత దూరము ఒక పగటిలోను ఒక రాత్రిలోను! తమ తరగతిలో వారు ప్రథములైరి. అన్ని తరగతులను కలిపిన వరుసలో ఎనిమిదవవారైరి. బలమెక్కువగల సోదర కార్లు నిలువని చోట తక్కువ బలముగల కారు గెలిచినదని గమనింపవలెను. మరియొక విశేషము: ఆ పందెమున మొత్తముమీద ప్రథమ స్థానము పొందినది మెక్లారెన్ ఎఫ్1 అను కారు. దానిని రూపొందించిన గోర్డన్ మరీ, నడకలో తనకు ఆదర్శమైనది ఎన్.ఎస్.ఎక్స్. అని స్వయముగా చెప్పియున్నాడు.

స్వదేశమున

జపానులోని జీ.టీ. పోటీలలో – 2005 నుండి వీటికి సూపర్ జీ.టీ. అని పేరు – ఒక చిత్రమైన నియమము కలదు. ఒక పందెమున బాగుగా నడచిన కారుపై తరువాతి పందెమున అదనపు బరువు వేయుదురు. గెలిచినకొలది భారము పెరుగును. అందుచేత ఒకసారి మెరసినవానికంటె సంవత్సరమంతయు తప్పకుండ నిలుకడగా నడచినవానికే అచ్చట పట్టము దక్కును. 2000 లో ఎన్.ఎస్.ఎక్స్. నడపిన ర్యో మిచిగామి ఒక్క పందెమునందైనను ప్రథముడు కాకయే సంవత్సరపు విజేత యయ్యెను! 2007 లో రాల్ఫ్ ఫర్మన్, దైసుకె ఇతో అనువారు మరల ఆ పట్టమును తెచ్చిరి. బజారు కారు తయారీ 2005 లో ఆగెను. పందెపు కారు 2009 వరకు నడచెను.

2016 లో క్రొత్త ఎన్.ఎస్.ఎక్స్. అమెరికాలో తయారగుట మొదలయ్యెను. పెట్రోలు ఇంజనునకు తోడు మూడు విద్యుత్ మోటార్లు గల ఆ కారు 2022 వరకు తయారయ్యెను. అమెరికా పందెములలో ఆ రూపము 2019, 2020 సంవత్సరములలో తన తరగతి పట్టమును వరుసగా గెలిచెను. జపానులో 2018 సంవత్సరపు పట్టమును నవోకి యమమోతో, మునుపటి ఫార్ములా వన్ విజేతయైన జెన్సన్ బటన్ కలిసి గెలిచిరి. వారి జట్టు మరెవరిదియో కాదు, తకహాషిదే.

అదే జట్టు 2020 నవంబరులో ఫ్యూజీ బాటపై జరిగిన కడపటి పందెమున మరియొక వింత చూచెను. ముందు పోవుచున్న టొయోటా కారులో గమ్యము కనుచూపు మేరలో నుండగా ఇంధనము అయిపోయెను. వెనుక వచ్చుచున్న యమమోతో దానిని దాటి పందెమును, పట్టమును గెలిచెను. తకహాషి 2022 లో కాలధర్మము చెందెను. 2023 తో సూపర్ జీ.టీ.లో ఎన్.ఎస్.ఎక్స్. చరిత్ర ముగిసెను, 2024 నుండి దాని స్థానమును సివిక్ అను కారు పొందెను.

మన పొరుగువాడు

ఈ చరిత్రలో మన పొరుగు నగరమైన కోయంబత్తూరు పేరును కలదు. ఆ ఊరి నివాసి నరైన్ కార్తికేయన్ 1977 లో జన్మించెను. 2005 లో ఫార్ములా వన్‌లో పందెము చేసి, ఆ స్థాయికి చేరిన తొలి భారతీయుడయ్యెను. 2014 నుండి జపానులో పందెములు చేయుచు, 2019 లో నకజిమా జట్టున 64 వ సంఖ్య గల ఎన్.ఎస్.ఎక్స్. నడిపెను. ఆ కారునకు పేరు మాత్రమే బజారు కారుది. దేహము కార్బను నారతో చేసినది, ఇంజను 2 లీటర్లది.

ఆ సంవత్సరము నవంబరు 24 న ఫ్యూజీ బాటపై జపాను, జర్మనీ దేశముల జీ.టీ. కార్లు కలిసి పోటీపడెను. ఒకవైపు హోండా, నిస్సాన్, లెక్సస్. మరియొకవైపు ఆడీ, బీ.ఎం.డబ్ల్యూ. ఆనాటి పందెమును గెలిచినది కార్తికేయన్ నడపిన ఎన్.ఎస్.ఎక్స్. అప్పటికి అతనికి 42 ఏండ్లు. ఫార్ములా వన్‌లో వెనుక వరుసల బండ్లు నడపి, పేరున్న జట్లలో చోటు దొరకక, పరదేశమున క్రొత్తగా నేర్చి, ఆ వయస్సున గెలిచెను.

కడపటి మాట

ఈ కారు అన్ని పందెములను గెలిచినది కాదు. అంతకంటె ఎక్కువ గెలిచిన జపాను కార్లు కలవు. తప్పు చెప్పినవాని మాట విని దిద్దుకొనుట, ఓడినను చివరివరకు నడచుట, మరుసటి యేట తిరిగి వచ్చుట – ఇవి దీని చరిత్రలో పదేపదే కనబడును. ఆ బాలుడు దాచుకొన్న బొమ్మలో ఇంత విద్య కలదని మేము ఎరుగము.

విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరము. పందెము మూసిన బాటపై, కవచము తొడిగి, వైద్యులు సిద్ధముగా నుండగా జరుగును. అయినను సెన్నావంటివాడే దానికి ఆహుతియయ్యెను. మన బెంగుళూరు వీధులు పందెపుబాటలు కావు. పదునెనిమిదేండ్లు నిండి, లైసెన్సు చేతికి వచ్చువరకు తండ్రి బండిని తాకరాదు. వచ్చిన పిమ్మటనైనను వీధిలో వేగము వీరత్వము కాదు.

ఇక ఆ తండ్రి ప్రశ్న. ఆయన కొట్టులో ఒక పాత రాడ్డును మా చేతిలో పెట్టి, "ఇది బరువుంటే బేరింగు మీద దెబ్బ పడుతుంది సార్. తేలిగ్గా ఉంటేనే ఇంజను గట్టిగా తిరుగుతుంది" అని చెప్పెను. వాల్వు ఎట్లు తెరచుకొనునో అరచేతులు రెండును కదిపి చూపెను. పైన వ్రాసినదానిలో ఇంజను గూర్చిన భాగమంతయు మాకు బోధపడినది ఆయన నోటినుండియే. ఆయన చెప్పినది ఏ భాషలో? ఆ సంగతులు తెలుగులో ఉండవని మాతో అనిన ఆ మనుష్యుడే ఒక సాయంకాలమంతయు వాటిని తెలుగులో చెప్పెను! పేర్లు పరభాషవి కావచ్చును; జపానువారును ఇంజనును 'ఎంజిన్' అనియే అందురు. పేరు ఎరువు తెచ్చుకొన్నంత మాత్రమున బుద్ధి ఎరువు కాదు.

ఈ మాటనే మేము ఆయనతో అంటిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, నవ్వి, చేతి నూనెను గుడ్డతో తుడుచుకొనెను. బొమ్మను బాలునికి తిరిగి ఇచ్చితిమి. వచ్చు సంచికకు గేరు పెట్టె పనిచేయు విధమును తెలుగులో వ్రాసి ఇయ్యవలసినదని వానికి చెప్పియున్నాము. తెలియని చోట తండ్రిని అడిగి వ్రాయుచున్నాడు.